జారి పట్టుకునే బిళ్ల

కదిరి చుట్టుపక్కల పాతకాలపు శెనక్కాయల మిల్లు నడవడం చూసినవాళ్లకు క్లచ్ పాఠం సగం వచ్చేసినట్టే. ఇంజను తన మానాన తను తిరుగుతూ ఉంటుంది. బెల్టు వట్టి చక్రం మీద ఉన్నంతసేపూ కాయలు ఒలిచే మిషను కదలదు. కర్రతో బెల్టును పక్క చక్రం మీదికి నెట్టగానే అది కాసేపు కీచుమని జారి, ఆ తర్వాత పట్టు దొరకబుచ్చుకుంటుంది. మిషను మెల్లగా వేగం అందుకుంటుంది. తిరిగేదాన్ని ఆగి ఉన్నదానికి ఒక్కసారిగా బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుంది. కాస్త జారనిస్తే రెండూ బతుకుతాయి. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిలోనూ ఈ వట్టి చక్రం, బెల్టు ఏర్పాటే ఉంది.

పెట్రోలు ఇంజనుకు ఒక బలహీనత ఉంది. నిలబడి ఉన్న చోటు నుంచి అది బరువు లాగలేదు, ముందు తిరుగుతూ ఉండాలి. అందుకే మధ్యవర్తి కావాల్సి వచ్చింది. బెల్టు తర్వాత గరాటు ఆకారపు క్లచ్ వచ్చింది. ఒక ఇనుప గిన్నెలోకి తోలు తొడిగిన మరో గిన్నె దిగి బిగుసుకునేది. తోలు ఎండిపోతే బండి ఎగిరి దూకేది. అప్పుడు డ్రైవర్లు దానికి ఆముదం పట్టించేవారు. అది ఎక్కువై జారితే మెత్తటి మట్టిపొడి చల్లేవారు. మన మెట్టచేలల్లో పండే ఆముదానికి మోటారు చరిత్రలో ఇలా ఒక చోటుంది.

తోలు వేడికి ఓర్వదు. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ రాపిడిని తట్టుకునే బ్రేకు దిమ్మెల తయారీ మొదలుపెట్టాడు. ఫెరోడో కంపెనీ పేరు ఆయన ఇంటిపేరు అక్షరాలను అటూఇటూ మార్చి, ఒక E చేర్చి పెట్టిందే. తర్వాత క్లచ్‌లోనూ తోలు స్థానాన్ని రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఆక్రమించింది. కదిరికి ఉత్తరాన పులివెందుల ప్రాంతంలో దాని గనులు ఉండేవి. నిప్పుకు చలించని ఆ నార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మనిషిని వదలదు. ఇప్పటి ప్లేట్లలో గాజునార, అరామిడ్ నార వాడుతున్నారు.

గరాటు పోయి బల్లపరుపు బిళ్ల వచ్చింది. ఇంజను వెనక ఫ్లైవీల్, దానికి ఎదురుగా ప్రెషర్ ప్లేటు, మధ్యలో నార అంటించిన క్లచ్ ప్లేటు. స్ప్రింగులు మూడింటినీ కలిపి నొక్కి పడతాయి. పెడలు తొక్కితే ఆ నొక్కుడు సడలుతుంది. 800 కిలోల కారు గంటకు 10 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి దానికి వచ్చే గతిజశక్తి సుమారు 3 కిలోజౌళ్లు. ఇంజను వేగం నిలకడగా ఉంటే, చదును రోడ్డు మీద, దాదాపు అంతే శక్తి ప్లేటు దగ్గర వేడిగా పోతుంది. ఇక ఎత్తు రోడ్డు మీద హాఫ్ క్లచ్‌లో బండిని నిలబెట్టడమంటే ప్లేటును పెనం మీద పెట్టడమే.

ఇప్పుడు పాత స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి షెడ్డుకు వచ్చిందనుకుందాం. మద్రాసులో 1961 నుంచి తయారైన ఈ కారుకు బ్రిటన్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తోబుట్టువు. రెండింటికీ రూపం ఇచ్చింది ఇటలీ డిజైనరు మికెలొట్టి. హెరాల్డ్ ఛాసిస్‌ను పొట్టి చేసి దాని మీద కట్టిందే స్పిట్‌ఫైర్. కాబట్టి దీని క్లచ్ నాడి తెలిస్తే దాని నాడీ తెలిసినట్టే.

ముందు పరీక్ష. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కాస్త రేజ్ ఇచ్చి క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజను ఆగిపోతే పట్టు ఉన్నట్టు. గోల చేస్తూ తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టు. పెడలు పూర్తిగా తొక్కినా రివర్సు కరకరమంటే జబ్బు వేరు, క్లచ్ విడిపోవడం లేదు. అప్పుడు గేర్‌బాక్సు దించే ముందు బానెట్ ఎత్తాలి. హెరాల్డ్ ముందు భాగం మొత్తం ముందుకు వాలుతుంది, టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. దీనికి కేబుల్ లేదు, ఆయిల్ ఒత్తిడితో నడుస్తుంది. కింది సిలిండరు రబ్బరు తొడుగు తడిగా ఉంటే లోపలి వాషరు పోయినట్టే. వాషరు మార్చి, ఒకరు పెడలు తొక్కుతుంటే ఇంకొకరు నిపుల్ దగ్గర ఎయిర్ తీస్తే చాలా బండ్లు అక్కడే నయమవుతాయి.

ఇంకో పరీక్షను చాలామంది మరిచిపోతారు. ఒకరు క్లచ్ తొక్కుతుంటే మరొకరు ఇంజను ముందు పుల్లీని గమనించాలి. అది కంటికి కనిపించేంత ముందుకు జరిగితే క్రాంక్‌షాఫ్ట్ థ్రస్టు వాషర్లు అరిగాయన్నమాట. అలాంటి ఇంజనుకు కొత్త క్లచ్ వేయడం కూలే గోడకు సున్నం కొట్టినట్టు.

ప్లేటే పోయిందని తేలితే సీట్లు, మధ్యలోని గేర్‌బాక్సు మూత తీసి, గేర్‌బాక్సును కారు లోపలి నుంచే ఎత్తేయవచ్చు. పాత దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకూడదు, అందులో రాతినార ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవాలి. ప్లేటు ఆయిల్‌తో తడిసి ఉంటే ఆ ఆయిల్ వచ్చే దారిని ముందు మూయాలి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడం మేలు. కొత్త ప్లేటును పాత గేర్‌బాక్సు షాఫ్టుతో సరిగ్గా మధ్యలో నిలిపి, బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. గ్రీజు చేత్తో నారను తాకకూడదు.

కదిరి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే, పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారయ్యే సోనెట్‌లో 2020లో క్లచ్ పెడలే లేని మాన్యువల్ రకం వచ్చింది. గేరు లివరు మీద చెయ్యి కదలగానే సెన్సరు కనిపెడుతుంది, యంత్రమే క్లచ్ విడదీస్తుంది. పెడలు పోయింది గానీ ప్లేటు పోలేదు. అది ఇంకా జారే పట్టుకుంటోంది. మిల్లులో కర్రతో బెల్టు నెట్టిన చేతి పని మాత్రం మిషను తీసుకుంది.