మోటారు కారు నడిపే స్త్రీల చిత్రాలు

మోటారు కారు నడిపే స్త్రీల చిత్రాలు 20వ శతాబ్దపు తొలి మూడు దశాబ్దాలలో ఐరోపా, అమెరికాలలో గోడపత్రాలపైన, పత్రికల ముఖచిత్రాలుగాను, వ్యాపార ప్రకటనలలోను విరివిగా వెలువడ్డాయి. నిజంగా కారు నడిపే స్త్రీలు బహు కొద్దిమందిగా ఉన్న కాలంలోనే ఇవి ఇంతగా వ్యాపించడం గమనింపదగినది. వీటిలో చాలా చిత్రాలు స్త్రీ స్వేచ్ఛను చాటడానికి గాక, సరుకు అమ్మడానికి గీసినవి.

నేపథ్యం

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు, సుమారు 100 కిలోమీటర్లు, భర్త కార్ల్ బెంజ్ తయారు చేసిన బండిలో ప్రయాణించింది. ఫ్రాన్సుకు చెందిన కమీల్ దు గాస్త్ 1901 పారిస్-బెర్లిన్ పందెంలోను, 1903 పారిస్-మాడ్రిడ్ పందెంలోను పాల్గొన్నది. రెండవ పందెంలో ప్రమాదానికి గురైన తోటి పోటీదారుకు సాయపడటానికి ఆమె తన కారును ఆపివేసింది. అయినా ఆ మరుసటి సంవత్సరం, స్త్రీ అన్న కారణంగా, ఆమెను పందేలకు అనుమతించలేదు.

గోడపత్రాలు

ఫ్రెంచి చిత్రకారుడు జూల్ షెరె (1836-1932) 1900 ప్రాంతంలో బెంజో-మోటర్ అనే ఇంధనం కోసం గీసిన గోడపత్రంలో ఒక యువతి నవ్వుతూ కారు నడుపుతుంటుంది. అయితే షెరె దీపాల నూనెకు గీసినా, నాటకశాలకు గీసినా ఇటువంటి యువతినే చిత్రించాడు. కనుక ఈ చిత్రాన్ని నాటి స్త్రీలు కార్లు నడిపేవారనడానికి సాక్ష్యంగా తీసుకోవడం పొరపాటు.

డొరొతీ లెవిట్ పుస్తకం

ఆంగ్ల మహిళ డొరొతీ లెవిట్ 1909లో ప్రచురించిన "ది వుమన్ అండ్ ది కార్" ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఇందులోనివి చిత్రలేఖనాలు కావు, హొరేస్ నికోల్స్ తీసిన ఛాయాచిత్రాలు. గోడపత్రంలోని యువతి ఎప్పుడూ కారులో కూర్చునే ఉంటుంది. కాని ఆ రోజులలో ఇంజను నడవాలంటే ముందుగా బండి ముందరనున్న హ్యాండిలును బలంగా తిప్పాలి. లెవిట్ ఆ హ్యాండిలు సంగతి, యంత్రభాగాల సంగతి బొమ్మలతో సహా వివరించింది. వెనుక వచ్చే బండ్లను చూడటానికి చిన్న చేతి అద్దం దగ్గర ఉంచుకోమని కూడా సలహా ఇచ్చింది.

నాటి కార్లకు పైకప్పు ఉండేది కాదు, దారులు మట్టివి. అందుచేత పొడవైన పైకోటు, టోపీమీదుగా కట్టే ముసుగు ఈ చిత్రాలలో తరచు కనిపిస్తాయి. కర్నూలు, కడప ప్రాంతాలలో వేసవి దుమ్ము ఎరిగినవారికి ఇది అలంకారం కాదని వేరే చెప్పనక్కరలేదు.

ప్రకటనలు

అమెరికాలో హ్యాండిలు అవసరం లేని విద్యుత్ కార్లను స్త్రీల బండ్లుగా ప్రచారం చేశారు. పెట్రోలు కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డు భార్య క్లారా సైతం డిట్రాయిట్ ఎలక్ట్రిక్ కారునే వాడేది. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చడంతో ఈ తేడా తగ్గసాగింది. 1923లో వచ్చిన జోర్డన్ ప్లేబాయ్ కారు ప్రకటనలో, గుర్రపు రౌతుతో పోటీగా ఒక యువతి కారు నడుపుతుంటుంది. ఇంజను గురించి దానిలో చెప్పినది దాదాపు శూన్యం.

తమారా ద లెంపికా 1929లో "డీ డామె" అనే జర్మన్ పత్రిక ముఖచిత్రం కోసం ఆకుపచ్చని బుగాటీ కారులో తన రూపాన్నే చిత్రించుకుంది. ఈ కోవలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఇదే. దీని పరిమాణం 35 × 27 సెంటీమీటర్లు మాత్రమే. ఆమె స్వంత కారు మాత్రం బుగాటీ కాదు, రెనో.

భారతదేశంలో

భారతదేశంలో కారు నడిపిన మొదటి మహిళ జె.ఆర్.డి. టాటా తల్లి సుజాన్ టాటా అని, అది 1905 నాటి మాట అని చెబుతారు. ఆమె ఫ్రెంచి వనిత. 1914 నాటి మోటారు వాహనాల చట్టం బ్రిటిషు ఇండియా అంతటికీ వర్తించింది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కర్నూలు, కడప జిల్లాలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. ఈ జిల్లాలలో సామాన్యులకు అప్పటికి, ఆ తరువాత చాలాకాలం వరకు, ఎద్దులబండి, జట్కాలే వాహనాలు.