ఇన్‌ఫ్లుయెంజా వైరస్ రూపుదిద్దుకునే చోటు

ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌కు సొంతంగా పొర తయారుచేసుకునే శక్తి లేదు. సుమారు 100 నానోమీటర్ల వ్యాసం గల ఆ రేణువును చుట్టి ఉండే కొవ్వు పొర అంతా అది సోకిన కణపు బయటి పొర, అంటే కణత్వచం, నుంచి తీసుకున్నదే. అందువల్ల కొత్త వైరస్ ఏర్పడాలంటే దాని ప్రోటీన్లు తయారైతే చాలదు, అవి కణత్వచంలో ఒకేచోట కూడాలి.

ఈ పొరలో ఇమిడి ఉండే ప్రోటీన్లు ముఖ్యంగా మూడు. శ్వాసనాళ కణాలపై ఉండే సియాలిక్ ఆమ్లమనే చక్కెరను పట్టుకొని వైరస్‌కు ప్రవేశం కల్పించేది హీమాగ్లుటినిన్. అదే చక్కెరను తెంచి కొత్త వైరస్‌లను కణం నుంచి విడిపించేది న్యూరామినిడేస్. హైడ్రోజన్ అయాన్లను పొర గుండా పంపే సన్నని కాలువ వంటిది ఎం2. మూడూ అంతర్జీవద్రవ్యజాలమనే పొరల అల్లికపై తయారై, ప్రోటీన్లను సవరించి పంపే గాల్జీ సంక్లిష్టం మీదుగా కణత్వచానికి చేరతాయి. కణపు సొంత ప్రోటీన్లు నడిచే దారి కూడా ఇదే.

శ్వాసనాళపు లోపలి గోడను కప్పే కణాలకు గాలి తగిలే పైభాగం ఒకటి, లోపలి కణజాలాన్ని ఆనుకున్న అడుగుభాగం ఒకటి ఉంటాయి. ఇలాగే పైభాగం, అడుగుభాగం వేరుగా ఉండే కుక్క మూత్రపిండపు కణాలపై రోడ్రీగెస్-బౌలాన్, సబటినీ 1978లో ప్రచురించిన పరిశోధనలో, ఇన్‌ఫ్లుయెంజా వైరస్ పైభాగం నుంచీ, పశువులకు సోకే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ అడుగు, పక్క భాగాల నుంచీ వెలువడడం కనిపించింది. ఫ్లూ సాధారణంగా రక్తంలోకి పాకకుండా శ్వాసమార్గానికే పరిమితమై, దగ్గు తుంపరలతో వ్యాపించడానికి ఈ ఎంపిక ఒక కారణం. అయితే ఏ ఒక్క ప్రోటీనో ఈ దిశను నిర్ణయిస్తుందనుకోవడం పొరపాటు. హీమాగ్లుటినిన్‌లో మార్పు చేసి దానిని అడుగుభాగానికి మళ్లించిన ప్రయోగాల్లో కూడా వైరస్ పైభాగం నుంచే వెలువడింది.

పైభాగంలోనూ అన్ని చోట్లూ సమానం కావు. కొలెస్ట్రాల్, స్ఫింగోలిపిడ్‌లనే కొవ్వులు దట్టంగా చేరిన చిన్న ప్రాంతాల్లో హీమాగ్లుటినిన్, న్యూరామినిడేస్ గుమిగూడతాయి. హీమాగ్లుటినిన్ తోకకు అతికి ఉండే కొవ్వు ఆమ్లాలు దానిని అక్కడ నిలపడానికి తోడ్పడతాయి. ఈ ప్రాంతాలు ఎంత పెద్దవి, ఎంతసేపు నిలుస్తాయన్న వివాదం ఇంకా తెగలేదు. ఎం2 మాత్రం వాటి నడుమకు చేరకుండా అంచున ఉండిపోతుంది, దాని పనికి తగిన చోటు కూడా అదే: లోపలి వైపు వైరస్‌కే చెందిన ఎం1 ప్రోటీన్, దాని జన్యుపదార్థమైన 8 ముక్కల ఆర్‌ఎన్‌ఏ చేరి పొర మొగ్గలా ఉబ్బిన తర్వాత, ఆ మొగ్గ మెడ దగ్గర ఎం2 పొరను వంచి తెంచుతుందని రాస్‌మన్, లాంబ్ బృందం 2010లో చూపింది. ఎయిడ్స్ కారక హెచ్‌ఐవీ ఇందుకు కణపు సొంత ప్రోటీన్లను వాడుకుంటుంది.

అమాంటడీన్ అనే పాత మందు ఎం2 కాలువను మూసేది, కానీ ఇప్పుడు వ్యాపిస్తున్న రకాలు దానికి లొంగడం లేదు. ఒసెల్టామివిర్ న్యూరామినిడేస్‌ను అడ్డుకొని, తయారైన వైరస్‌లను కణం మీదే చిక్కుకుపోయేలా చేస్తుంది. ప్రోటీన్లు కణత్వచానికి చేరే దశనే ఆపే మందు ఏదీ ఫ్లూ చికిత్సలో ఇంకా వాడుకలోకి రాలేదు.