పాల వ్యాను దారి - డి.ఎన్.ఏ. లెక్క

పాలు పితికిన తరువాత ఎంత త్వరగా చల్లబరచితే అంత మేలు. వ్యాను ఆలస్యమైతే పాలలో సూక్ష్మజీవులు పెరిగి పులుపెక్కుతాయి. పులిసిన పాలకు ధర రాదు. ఆ నష్టం చివరకు పాడి రైతుపైనే పడుతుంది. కనుక వ్యాను ఏ ఊరికి ముందు, ఏ ఊరికి తరువాత వెళ్ళాలన్నది చిన్న విషయం కాదు.

ఒక వ్యాను తిరువూరులో బయలుదేరి మల్లేల, రోలుపడి, మునుకుళ్ళ గ్రామాల పాలు తీసుకొని తిరిగి తిరువూరు చేరాలనుకుందాం. ఈ మూడు ఊళ్ళను ఆరు వరుసలలో తిరగవచ్చు. పది ఊళ్ళయితే 36,28,800 వరుసలు. పన్నెండయితే 47,90,01,600. ముప్పై ఊళ్ళయితే ఒక్కొక్క వరుసనే సరిచూడడం ఎంత పెద్ద కంప్యూటరుకైనా సాధ్యం కాదు.

అన్ని దారులనూ ఒకేసారి పరీక్షించే ఉపాయాన్ని 1994లో అమెరికా శాస్త్రజ్ఞుడు లెనార్డ్ ఏడిల్‌మన్ చేసి చూపారు. జీవకణాలలోని డి.ఎన్.ఏ. పోగులో ఏ, టి, జి, సి అనే నాలుగు రసాయనాలుంటాయి. ఏ, టి ఒక జత. జి, సి మరొక జత. ఆయన ఏడు ఊళ్ళకు, వాటి మధ్య దారులకు వేర్వేరు పోగులు తయారు చేయించారు. దారి పోగులో సగం బయలుదేరే ఊరిని, మిగతా సగం చేరే ఊరిని పట్టుకుంటుంది. అన్నిటినీ ఒక గాజు గొట్టంలో కలపగా కోట్లాది గొలుసులు ఏర్పడ్డాయి. ఒక్కొక్క గొలుసు ఒక్కొక్క ప్రయాణం. తప్పుచోట మొదలైనవి, పొడవు సరిపోనివి, ఏదైనా ఊరు వదిలినవి ఏరివేయగా మిగిలినదే జవాబు. ఈ వడపోతకు దాదాపు ఏడు రోజులు పట్టింది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఆ ప్రయోగం ప్రతి ఊరినీ ఒక్కసారే తాకే దారిని చూపింది గాని, దూరం తక్కువైన దారిని కాదు. పైగా 200 ఊళ్ళకు ఇదే పద్ధతి వాడితే భూమికన్న బరువైన డి.ఎన్.ఏ. కావాలని 1995లో హార్ట్‌మానిస్ అనే శాస్త్రజ్ఞుడు లెక్కగట్టారు.

అయితే పనికిరాని దారులను ఏరివేయడం మన సంఘాలూ చేయదగినదే. మీ రూటును కాగితంపై గీయండి. గీత ఎక్కడైనా తనను తానే దాటితే, ఆ మెలిక విప్పేలా ఊళ్ళ వరుస మార్చి చూడండి. సాధారణంగా దూరం తగ్గుతుంది. కొత్త వరుసలో రోడ్డు, వానాకాలపు వాగులు, వ్యానులో పట్టే క్యాన్లు, ఊళ్ళలో పాలుపోసే వేళలు కుదురుతాయో లేదో చూడాలి. కార్యదర్శులు వారం రోజులపాటు వ్యాను వచ్చిన వేళ, వెళ్ళిన వేళ పుస్తకంలో వ్రాసి ఉంచి, రూటు మార్పును పొరుగు సంఘాల వారితో కలసి చర్చించగలరు. ఒక్క ఊరికి లాభించే మార్పు మరొక ఊరి పాలను ఎండలో నిలబెట్టరాదు.