ఆవకాయ మీద పడ్డ నింద

మా నాన్నగారు వాషర్‌మెన్‌పేట్ ఎం.సి. రోడ్డులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవారు. వేళకు భోజనం ఉండేది కాదు. జేబులో జెలుసిల్ బిళ్లలు మాత్రం ఎప్పుడూ ఉండేవి. 1978లో కడుపులో పుండుకు ఆపరేషన్ చేసి పంపిస్తూ, కారం మానాలి, కోపం మానాలి అన్నారు. కోపం ఆయన మానలేదు గాని, మా ఇంట్లో ఆవకాయ జాడీ అటకెక్కింది. తన చేతి కారమే ఆయన కడుపు కాల్చిందని మా అమ్మ చాలా ఏళ్లు బాధపడింది. మేమూ కాదనలేదు.

నలభై ఏళ్ల తరువాత అదే మంట నాకూ మొదలైంది. బ్యాంకు ఉద్యోగం, మార్చి నెలాఖరు లెక్కలు, అందుకే అని సర్దిచెప్పుకుని రెండేళ్లు గడిపాను. చివరకు ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారు జీర్ణాశయం లోపొర ఎర్రగా వాచిందని చెప్పి, అక్కడ గిల్లి తీసిన ఆవగింజంత ముక్కను పసుపుపచ్చటి మందులో వేశారు. కాసేపటికి అది గులాబీరంగుకు తిరిగింది. "అదిగో సార్, అద్దె కట్టకుండా ఉంటున్నవాడు!" అన్నారు.

వాడి పేరు హెలికోబాక్టర్ పైలోరి. నేను కామర్స్ చదివినవాణ్ణి, నాకు అర్థమైనంతవరకు చెబుతాను. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని పూర్వం డాక్టర్లు కూడా అనుకునేవారు. ఈ మెలితిరిగిన జీవి యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి అమోనియా తయారుచేసుకుంటుంది. దానితో తన చుట్టూ ఉన్న ఆమ్లం విరిగిపోతుంది. (పసుపు గులాబీ అయింది ఆ అమోనియా వల్లనే.) తోకలతో ఈదుకుంటూ జిగురు పొరలో దూరి, కణాలకు అతుక్కుంటుంది. కణాలు కేకపెడితే తెల్ల రక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. దొంగ జిగురులో దాక్కుని చిక్కడు. వచ్చిన పోలీసులు వెళ్లరు. ఏళ్ల తరబడి వాళ్లు విసిరే రసాయనాలకు మన గోడే దెబ్బతింటుంది. వాపు అంటే అదే. బలహీనపడిన చోట ఆమ్లం తగిలితే పుండు.

దీన్ని ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు కనిపెట్టారు. 1982లో ఈస్టర్ సెలవులకు పరీక్షపాత్రలు అలాగే వదిలేస్తే, అప్పుడు పెరిగిందట. (సెలవుల వల్ల పని జరుగుతుందని మా హెడ్డాఫీసువాళ్లు గ్రహిస్తే బాగుండును.) ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ స్వయంగా ఆ జీవులను తాగి జబ్బు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మా నాన్నగారి ఆపరేషన్ నాటికి ఈ సంగతి లోకానికి తెలియదు.

సాధారణంగా ఇది చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచో కలుషితమైన నీటి నుంచో అంటుకుంటుంది. మనుషులతోపాటే వలసపోతుంది కూడా. హైదరాబాదు సి.డి.ఎఫ్.డి. శాస్త్రజ్ఞులు 2007లో మన దేశపు జీవుల జన్యువులు చూసి, వాటి మూలాలు ఐరోపావాటితో కలుస్తాయని ప్రకటించారు. మనవాళ్లు చెన్నపట్నం వచ్చినట్టే అవీ ఎక్కడినుంచో వచ్చాయన్నమాట!

ప్రపంచంలో ఇంచుమించు సగం మందిలో ఇది ఉందంటారు, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. కనుక బెంబేలు పడనక్కరలేదు. అయితే 1994లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారి క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. మంట వదలకపోతే, బరువు తగ్గితే, మలం నల్లగా పడితే బిళ్లలు చప్పరిస్తూ కూర్చోకండి. నొప్పి మాత్రలు ఎడాపెడా వాడినా పుండు పడుతుంది.

నాకు రెండు యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మాత్ర, పద్నాలుగు రోజులు ఇచ్చారు. నోరంతా చేదు. ఆరోరోజుకు మంట తగ్గగానే మానేద్దామనుకున్నాను. మధ్యలో మానితే మిగిలిన జీవులు మందుకు లొంగవని మా ఆవిడ రోజూ మాత్రలు లెక్కపెట్టి మింగించింది. ఆరు వారాల తరువాత సంచీలో గాలి ఊదించి పరీక్షిస్తే, లేదని తేలింది.

ఆ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. వాచిన కడుపుకు కారం మంట పెంచవచ్చుగాని, జబ్బు తెచ్చింది అది కాదన్నాను. నాన్నగారు పోయి అప్పటికి పద్నాలుగేళ్లు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే ఆ మనిషికి ఇరవయ్యారేళ్లు ఊరికే చప్పిడి కూడు పెట్టానంట్రా?" అంది.