హైకూలో హాస్యం – ఒక గొడుగు కథ

హైకూ అనగానే మన విద్యార్థులకు కప్ప, కొలను, మౌనం మాత్రమే గుర్తుకు వస్తాయి. గంభీరంగా ఉండనిది హైకూ కాదన్న అభిప్రాయం బలంగా నాటుకొన్నది. నిజానికి హైకూకు మాతృక అయిన 'హైకై' అన్న మాటకే పరిహాసమన్న అర్థమున్నది. బషో (1644–1694) ఆ పరిహాసానికి లోతు కల్పించాడు. ఇస్సా (1763–1828) ఈగలను, పేలను సైతం ఇంటి చుట్టాల వలె పలకరించాడు. మనుషుల నడవడి మీది చమత్కారానికి 'సెన్‌ర్యూ' అని వేరొక పేరు వచ్చింది. అది కరాయి సెన్‌ర్యూ (1718–1790) అనే పద్య పోటీల న్యాయనిర్ణేత పేరు. ఆయన ఎంచిన పద్యాల సంపుటాలు 1765 నుండి వెలువడ్డాయి. వాటిని రాసినవారిలో పెక్కుమంది పేరైనా చెప్పుకోని సామాన్యులు.

తెలుగులో ఇస్మాయిల్ గారు (1928–2003) 1997లో 'కప్పల నిశ్శబ్దం' అన్న హైకూ సంపుటి వెలువరించారు. కాకినాడలో తత్త్వశాస్త్రం బోధించిన ఆ కవి హైకూ రాయడం నాకు ఆశ్చర్యమనిపించదు. వస్తువును తేరిపార చూడడమే కదా ఉభయత్రా పని!

ముషాయిరాలో షాయరు మొదటి మిస్రాను మళ్ళీ మళ్ళీ చదివి శ్రోతలను ఊరించి, ఆ పిమ్మట రెండవ మిస్రా విసురుతాడు. హైకూలోనూ ఆ ఆగడమే ప్రాణం. అయితే ఇక్కడ ఊరించే వ్యవధి లేదు. పదిహేడు అక్షరాలలోనే సర్వమూ జరిగిపోవాలి. మచ్చుకు నా ప్రయత్నమొకటి:

తాళం భద్రమే
ఇంటివారు బయట
చెవి లోపల

ఇందులో ఉపమానం లేదు, విశేషణం లేదు. నవ్వు తాళానిది కాదు, మన తెలివిది.

నిరుడు వానాకాలం తరగతిలో నిత్యం వాడే వస్తువులపై హైకూలు రాయమన్నాను. ఒక విద్యార్థి మా అటెండరు గారి గొడుగు చిల్లులను లెక్కపెట్టి రాశాడు. తరగతి గొల్లుమన్నది; నేనూ నవ్వాను. తలెత్తి చూస్తే, హాజరుపట్టీతో ఆ పెద్దాయన వాకిట నిలబడి ఉన్నారు. భుజాలు తడిసి ఉన్నాయి. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు చూడలేకపోయాను.

ఆ పద్యంలో లోపం ఛందస్సుది కాదు. గొడుగును చూడవలసిన చూపు గొడుగు పట్టినవాని పేదరికం మీద పడింది. ఇస్సా పేనును చూచి నవ్వినప్పుడు అది తన పేనే! విద్యార్థికి ఇంతకుమించి చెప్పలేదు. రెండు రోజులకు అతడే మరొకటి తెచ్చాడు:

వాన వెలిసె
ఇప్పుడు విచ్చుకుంది
మొండి గొడుగు

ఈసారి అటెండరు గారిని పిలిచి వినిపించాము. ఆయన శ్రద్ధగా విని, "దాని తప్పు లేదు సాబ్, స్ప్రింగు పోయింది. అఫ్జల్‌గంజ్‌లో బాగుచేయిస్తాను," అన్నారు.