చిప్పులో పలుకు స్వరములు



నేను ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. సంగీతము నా వృత్తి కాదు. గిద్దలూరు ప్రాంతమున మా యూరి రామమందిరములో శనివారపు భజనకు తాళములు పట్టుటయే ఆ విద్యతో నాకు గల పరిచయము. అట్టివాడను నేడు కంప్యూటరు చిప్పుతో చేయు సంగీతమును గూర్చి ప్రసంగింపబూనుటకు కారణము మా యూర బుట్టిన యొక తగవు.

మా భజనమేళమున మృదంగము వాయించు వృద్ధుడు రెండేండ్ల క్రిందట గతించెను. ఆయన వెనుక ఆ విద్య నెరిగినవారు మా యూర లేరు. మృదంగము మందిరములో గోడకు వ్రేలాడుచున్నది. మొన్నటి వేసవిలో నా దౌహిత్రుడు సెలవులకు వచ్చుచు, అరచేతిలో నిముడు నొక యాటల యంత్రమును, మెట్లు గల చిన్న సింథసైజరు పెట్టెను తెచ్చెను. "తాతయ్యా, దీనితో ఆదితాళము పలికింతును, భజనలో పెట్టుదమా?" అని యడిగెను. కొందరు సంతసించిరి. కొందరు, "పంతులుగారూ, దేవుని యెదుట ఆటబొమ్మ కూతలా?" అని కోపించిరి. తీర్పు నాపై బడినది. తెలియని దానికి తీర్పు చెప్పరాదు గదా! అందుచే వారము దినములు మనుమని యొద్ద నేనే శిష్యుడనైతిని. నేర్చిన దానిని మీకు విన్నవించెదను.

మొదట స్వరము పుట్టు విధము. తంబుర తీగ సెకనుకు ఎన్నిమారులు కంపించునో దానిని బట్టి శ్రుతి యేర్పడును. చిప్పులో తీగ లేదు. అందు విద్యుత్తు గడియారము వలె సెకనుకు లక్షల దెబ్బలు కొట్టుచుండును. ఆ దెబ్బలను లెక్కించి, ఇన్నింటికొకమారని స్పీకరును ముందునకు నెట్టి వెనుకకు లాగుటయే చిప్పు చేయు పని. 1978లో అమెరికాలోని జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ సంస్థ ఏవై-3-8910 అను చిప్పును వెలువరించెను. దానికి మూడు గొంతులు. ఆ జాతి చిప్పునే అమర్చిన స్పెక్ట్రమ్ 128 అను కంప్యూటరులో దెబ్బలు సెకనుకు సుమారు 17,73,400. దీనిని 16చే భాగించి, పిమ్మట మనమిచ్చు అంకెచే మరల భాగింపగా కంపనముల సంఖ్య వచ్చును. 252 అని యిచ్చినచో సుమారు 440 కంపనములగును.

ఇచ్చట నాకు మిక్కిలి వింత తోచినది. వీణపై తీగను సగము చేసినచో తారషడ్జము పలుకును. మూడింట రెండు పాళ్లు నిలిపినచో పంచమము. నాల్గింట మూడు పాళ్లు నిలిపినచో శుద్ధమధ్యమము. చిప్పునకిచ్చు అంకెయు సరిగా తీగ పొడవు వలెనే నడచును. 252ను షడ్జముగా గొన్నచో 126 తారషడ్జము, 168 పంచమము, 189 శుద్ధమధ్యమము, 224 చతుశ్శ్రుతి రిషభము. లెక్క తప్పదు. కాని అంతరగాంధారమునకు ఐదింట నాలుగు పాళ్లు కావలెను, అది 201.6 అగును. చిప్పునకు భిన్నములు తెలియవు గనుక 202 అనవలెను. గాంధారము రవంత దిగును. ఆ స్థాయిలో ఈ కొరత చెవికి దొరకనంత స్వల్పము. పైస్థాయికి పోయినకొలది అంకెలు చిన్నవగును, కొరత పెద్దదగును.

రెండవది, నాదమున కాకారము నిచ్చుట. 1982లో వచ్చిన కమొడోర్ 64 అను కంప్యూటరుకై రాబర్ట్ యానెస్ అను ఇంజనీరు సిడ్ అను చిప్పును నిర్మించెను. దానికిని గొంతులు మూడే. ఒక్కొక్క గొంతు త్రికోణము, రంపపు పల్లు, చతురస్రము అను అలల రూపములలో గాని, వాన చప్పుడు వంటి రొదగా గాని పలుకగలదు. త్రికోణము మెత్తన, రంపము కరకు. కంభము చెరువు తూము నెరిగిన మీకు తక్కిన సంగతి సులభము. తూము తలుపెత్తగా నీరు ఎగసివచ్చును, కొంత తగ్గును, నిలుకడగా పారును, తలుపు దింపగా క్రమముగా నాగును. నాదమునకును ఈ నాలుగు దశలే. ఎగయుట మెల్లనైనచో పిల్లనగ్రోవి తీరు. ఒక్కసారి యెగసి తగ్గినచో వీణ మీటు తీరు. వానచప్పుడు వంటి రొదను గప్పున దెరచి మూసినచో మృదంగపు కుడిమూత దెబ్బ. త్రికోణపు అల శ్రుతిని వేగముగా జార్చినచో ఎడమమూత గుంకారము.

గొంతులు మూడే యైనప్పుడు మేళమంతయు నెట్లు వినిపించును? ఇందొక చమత్కారమున్నది. ఒకే గొంతుతో మూడు స్వరములను సెకనుకు ఏబదిమారులు మార్చి మార్చి పలికింతురు. చెవి భ్రమపడి మూడును కలిసి మ్రోగినట్లు వినును. మన పెద్దలు చెప్పిన అలాతచక్రన్యాయమే యిది. కొరవిని వేగముగా త్రిప్పినప్పుడు నిప్పుచక్రము కనబడును గాని యున్నది కొరవి యొక్కటే.

ఇక వ్రాత. 1987లో జర్మనీ దేశస్థుడగు కార్స్టెన్ ఒబార్స్కి, అమీగా అను కంప్యూటరుకై సౌండ్‌ట్రాకరు అను వ్రాతపలకను చేసెను. ట్రాకరు అను పేరు అచ్చటినుండియే వ్యాపించినది. మార్కాపురపు పలక మీద పిల్లవాడు గీతలు గీచి ఎక్కములు వ్రాయునట్లు, అందు నాలుగు నిలువు గడులు, అరువదినాలుగు అడ్డు వరుసలు. ఒక్కొక్క నిలువు గడి ఒక్కొక్క గొంతు. వరుసలో స్వరము పేరు, వాద్యము సంఖ్య, జారు గాని కంపము గాని కావలసినచో దాని గురుతు వ్రాయుదురు. యంత్రము పైనుండి క్రిందికి చదువుచు పలుకును. తప్పైనచో తుడిచి మరల వ్రాయవచ్చును.

అరువదినాలుగు వరుసలనగానే నాకు లెక్క దోచెను. ఆదితాళమున కెనిమిది అక్షరములు. అక్షరమునకు నాలుగు వరుసల చొప్పున ఒక ఆవర్తము ముప్పదిరెండు. కనుక పలకకు సరిగా రెండావర్తములు. మిశ్రచాపుకు ఏడు చొప్పున ఇరువదియెనిమిది వరుసలు వ్రాసి, అచ్చట పలక ముగియునట్లు గురుతు పెట్టవలెను. నా మనుమడు దీనిని తెలియక చాపును ముప్పదిరెండింటికి సాగదీసియుండెను. నేను చేతితో తాళము వేసి చూపగా, "తాతయ్యా, ఇప్పుడు నడక కుదిరినది!" అని కేక వేసెను. ఆ దినమున గురుశిష్యులము తారుమారైతిమి.

నేటి కంప్యూటరులు ఏ వాద్యమునైనను ఉన్నదున్నట్లు వినిపింపగలవు. అట్లయ్యు పలుదేశముల యువకులు ఈ మూడు నాలుగు గొంతుల చిప్పుల నేల పట్టుకొనియున్నారు? కందపద్యము వ్రాయువా డేల గణములకును ప్రాసకును కట్టుబడును? కట్టుబాటులోనే నేర్పు తెలియును. చిన్న యంత్రములచే చిత్రమును సంగీతమును కల్పించు ఈ యువకుల కళాసంప్రదాయమును డెమోసీను అందురు. దానిని ఫిన్లాండు 2020లోను, జర్మనీ 2021లోను తమ దేశ సాంస్కృతిక వారసత్వపు పట్టికలలో జేర్చినవి. మన దేశమున 1982లోనే బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ సింథసైజరులపై పది హిందూస్థానీ రాగములను వాయించి రికార్డు నిచ్చెను. అందలి భైరవము మన పిల్లలు సరళీస్వరములు నేర్చు మాయామాళవగౌళయే.

దోషమును దాచను. స్వరమునుండి స్వరమునకు జారుట, కంపించుట చిప్పునకు చేతనగును. కాని గాయకుడు ఆ క్షణమున భావమును బట్టి వేయు గమకము ముందుగా వ్రాసిన వరుసలకు లొంగదు. భక్తుడు చరణమున కరిగి యొక క్షణ మాగినచో మృదంగకారుడును ఆగును, యంత్ర మాగదు. ఇట్టి దోషమే యెంచి 1940లో అఖిల భారత రేడియో హార్మోనియమును వెలివేసెను. 1971లోగాని ఆ నిషేధము సడలలేదు. ఆ నడుమను మన పల్లెల పద్యనాటకములు హార్మోనియము తోడనే బ్రతికినవి. దోషము గల వాద్యమెల్ల నిరుపయోగము కాదని దీనివలన తెలియును.

నేను చెప్పిన తీర్పిది. శనివారపు భజనలో తాళము మనుష్యుని చేతిదే కావలెను, యంత్రమక్కడ వలదు. తక్కిన దినములలో సాయంకాలము మందిరపు అరుగుపై యంత్రమును పెట్టి పిల్లలు తాళమభ్యసింపవలెను. మందముగా వాయింపుమన్నను నూరుమారులు విసుగక వాయించుట దాని గుణము. ఇరుపక్షముల వారును సమ్మతించిరి.

మనుమడు సెలవులు ముగిసి పోవుచు యంత్రమును అరుగుపిల్లలకు వదలిపోయెను. ఏడెనిమిదిమంది నేడు ఆదితాళము తప్పక వేయుచున్నారు. వారిలో నొక బాలిక గోడమీది మృదంగమును జూపి, "తాతా, అది యెప్పుడు దింపుదురు?" అని యడిగినది. దాని మూతలు ఎండి బిగువు చెడినవి. మూతలు వేయించుటకు మేము చందా లెత్తితిమి. నేర్పు గురువునకై పొరుగూళ్లలో విచారించుచున్నాము. మీ యూర గోడకు మృదంగము వ్రేలాడుచున్నచో, దానిని దింపి చూడుడని నా ప్రార్థన.