కాలువ పడవలో పదునాలుగు దినములు

ఇంగ్లండు దేశపు పాతకాలువలపై నేటికిని వేలాది జనులు పడవలనే ఇండ్లుగా చేసికొని కాపురముండుచున్నారు. ఈ పడవకు నారోబోటు అని పేరు. అనగా ఇరుకు పడవ. పదునెనిమిదవ శతాబ్దమున బొగ్గును, పింగాణి సామానును మోయుటకై త్రవ్విన కాలువలలో పెక్కింటి లాకులు ఏడడుగుల వెడల్పు మాత్రమే కలవి. అందుచే పడవయు ఆరడుగుల పదియంగుళములను మించరాదు. పొడవు మాత్రము డెబ్బది అడుగుల వరకు ఉండవచ్చును. గోదావరి కాలువల లాకులను చూచినవారికి ఈ యేర్పాటు క్రొత్త కాదు; ఇంతటి ఇరుకు మాత్రము క్రొత్త.

కోవిడ్ వ్యాధి ప్రబలిన 2020 మార్చి నెలలో బ్రిటిషు ప్రభుత్వము, దగ్గు గాని జ్వరము గాని కలిగినవారు 7 దినములును, వారితో కలిసి నివసించువారు 14 దినములును గడప దాటరాదని తెలిపెను. మనిషికిని మనిషికిని రెండు మీటర్ల యెడముండవలెననియు చెప్పెను. పడవ వెడల్పంతయు కలిపినను రెండు మీటర్లకు కొంచెమే ఎక్కువ! అట్టి యింట ఒకరు జబ్బుపడినచో రెండవవారు ఎచ్చటకు తొలగుదురు? ఒకరు ముందు కొసను, మరొకరు వెనుక కొసను పరుండుటయే గతి.

వేరొక చిక్కును కలదు. స్వంత రేవు లేని పడవ ఒకేచోట 14 దినములకు మించి నిలువరాదని 1995 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ మార్చి నెలలో, కాలువలను నిర్వహించు కెనాల్ అండ్ రివర్ ట్రస్టు ఈ నిబంధనను తాత్కాలికముగా సడలించి, నీరు పట్టుకొనుట, మురుగు పారబోయుట వంటి అవసరములకు తప్ప పడవలను కదల్పవలదని కోరెను.

ఇక నీటి లెక్క చూడుడు. పడవలోని తొట్టి 500 లీటర్లు పట్టునదనుకొన్నచో, ఇద్దరు మనుష్యులు 14 దినములు గడపుటకు ఒక్కొక్కరికి దినమునకు ఇంచుమించు 18 లీటర్లు మాత్రమే వచ్చును. వంట, త్రాగుడు, స్నానము, పాత్రలు తోముట అన్నియు అందులోనే. చేతులను 20 సెకండ్లు సబ్బుతో రుద్దుకొనుమని వైద్యులు చెప్పిరి గదా. అంతసేపు కుళాయిని వదలినచో తొట్టి త్వరలోనే ఎండిపోవును. కావున చేతులు తడుపుకొని, కుళాయి కట్టివేసి, రుద్దుకొని, మరల విప్పి కడుగుకొనుటయే యుక్తము.

మరుగుదొడ్డి సమస్య ఇంతకంటె తొందరది. పెక్కు పడవలలో మలమూత్రములు ఇరువది లీటర్ల లోపు పట్టు పెట్టెలో చేరును. ఇద్దరు వాడినచో రెండు మూడు దినములకే అది నిండును. ముందుచూపు గలవారు పెట్టెలను అదనముగా కొని యుంచుకొందురు. లేనివారు పొరుగు పడవవారి సహాయము కోరవలసినదే. ఇట్టి సహాయము చేయువారు చేతితొడుగులు ధరించుట మంచిది. పారబోయు చోటనున్న కుళాయిని, తలుపు పిడిని అందరును తాకుదురు.

ఉదయము నిద్ర లేచినతోడనే పొయ్యిలోని బూడిదను దులిపి బొగ్గు వేయవలెను. కిటికీల అద్దములపై పేరుకొన్న చెమ్మను తుడువవలెను. బ్యాటరీలు నింపుటకు ఇంజను నడుపవలెను. చెంతనే ఇతర పడవలున్నచో రాత్రి 8 గంటలకు పిమ్మట దానిని నడుపరాదు. పెక్కు పడవలలో ఇంజను వేడిమితోనే స్నానపు నీరును కాగును.

జ్వరముతో వణకువాడు చేయగల మిక్కిలి ప్రమాదకరమైన పని, గాలి వచ్చు రంధ్రములను గుడ్డలతో మూయుట. బొగ్గుపొయ్యి గాలి చాలక మండినపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, నీరసము దాని తొలి లక్షణములు. జబ్బుపడినవాడు ఇవన్నియు తన జబ్బువే యని తలంచి, దుప్పటి కప్పుకొని మరల పరుండును. అచ్చటనే ప్రాణహాని. ఆరుబయటికి వచ్చినపుడు తలనొప్పి తగ్గి, లోనికి పోగానే మరల వచ్చినచో జ్వరమును కాక పొయ్యిని అనుమానింపవలెను. నివాసపు పడవలలో ఈ వాయువును పసిగట్టి మ్రోగు యంత్రము 2019 ఏప్రిల్ 1 నుండి తప్పనిసరి యైనది. చల్లారినట్లు కనబడు బూడిదనుండియు ఈ వాయువు వెలువడును. కాబట్టి బూడిదను మూతగల ఇనుప బకెట్టులో పోసి పడవ వెలుపలనే ఉంచవలెను.

బొగ్గు, డీజిలు, వంట గ్యాసు అమ్ము పడవలు కాలువలపై తిరుగుచుండును. ఆ దినములలో అమ్మువాడు సరుకును గట్టుపై దింపి దూరముగా తొలగెడివాడు; కొనువాడు పిమ్మట వచ్చి తీసికొనెడివాడు. రోగి వాడిన కాగితపు రుమాళ్ళను రెండు సంచులలో కట్టి, 72 గంటలు ప్రక్కనుంచి, అటుపిమ్మటనే చెత్తలో వేయవలెనని ఆనాటి నిబంధన. పడవలో అందుకు ముందు అరుగు తప్ప వేరు స్థలము లేదు.

ఊపిరి ఆడక 999 నంబరునకు టెలిఫోను చేయవలసివచ్చినచో, వీధి పేరు గాని ఇంటి నంబరు గాని చెప్పుటకు లేదు. కాలువ వంతెనలపై సంఖ్యలు వ్రాసియుండును. కాలువ పేరును, దగ్గరి వంతెన సంఖ్యను, పడవ ఏ గట్టున నున్నదో ఆ వివరమును ఒక కాగితముపై వ్రాసి, తలుపు ప్రక్కన అంటించి, పడవ కదలినపుడెల్ల మార్చుచుండవలెను.